పక్కకి పది అడుగులు

"కుయా, మళ్లీ ఎవరో నా తాడు జరిపారు."

అన్నని కుయా అని పిలిచే తమ్ముడు ఫెలిమన్ మాటకి మేస్త్రీ ఆర్నుల్ఫో తలెత్తలేదు. ఎవరో అతనికి తెలుసు.

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఆ ఇరవై రెండంతస్తుల భవనానికి బయట రంగులు వేస్తున్నారు. పైకప్పు ఊడవడానికి నెల క్రితం ఒక ముసలాయన చేరాడు. అందరూ లోలో, అంటే తాత, అని పిలిచేవాళ్లు. ఏ ఊరని ఎవరూ అడగలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, పనివాళ్లు పడిపోకుండా ఒంటికి తగిలించుకునే తాళ్లన్నీ విప్పి, ఆ రోజు పని జరిగే చోటికి సరిగ్గా పైన మళ్లీ కట్టేవాడు. మధ్యాహ్నం ఇంకోసారి కట్టేవాడు.

"లోలో, నీ పని చీపురా, తాడా?" అన్నాడు ఆర్నుల్ఫో.

"తాడు తలకి నేరుగా ఉండాలి మేస్త్రీ. పక్కకి పది అడుగులు పోయి కాలు జారితే..."

"తెగుతుందా?"

"తెగదు. ఊగుతుంది. గోడకేసి కొడుతుంది."

పనివాళ్లు నవ్వారు.

"ఉయ్యాల తాత మొదలెట్టాడ్రా. ఊపి జోల కూడా పాడతావా లోలో?"

ఆర్నుల్ఫోకి నవ్వు రాలేదు. ఊరి పండగ ఫియెస్టా లోపు పని తేలాలి. జరిగినప్పుడల్లా పైకెక్కి తాడు మార్చుకుంటూ పోతే వచ్చే ఏటికి కూడా తేలదు.

"ఇంక నువ్వు వెళ్లు లోలో. రేపట్నుంచి రానక్కర్లేదు."

ముసలాయన కూలీల పసుపు హెల్మెట్ తీసి పిట్టగోడ మీద పెట్టాడు. ఫెలిమన్ వైపు ఒకసారి చూసి దిగిపోయాడు.

మధ్యాహ్నానికి తూర్పు మూల ఒక్కటే మిగిలింది.

"కుయా, ఇంకో పది అడుగులే. పైకెక్కి తాడు మార్చుకు రానా?"

"వద్దులే. తాడు గట్టిదే. కానియ్."

నిలబడ్డ చెక్క పలక మీద తడి రంగుకి ఫెలిమన్ కాలు జారింది.

తాడు తెగలేదు. ముడి జారలేదు. చర్చి గంట నాలుకలా అతన్ని పక్కకి ఊపి, మూల స్తంభానికేసి కొట్టింది.

పైకి లాగేసరికి ప్రాణం లేదు. ఒంటికున్న పట్టీల్లో ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

సాయంత్రం తమ్ముడి అన్నం డబ్బా కోసం ఆర్నుల్ఫో మళ్లీ పైకెక్కాడు. అమ్మకి ఏమని చెప్పాలో తెలియడం లేదు. చేజేతులా తమ్ముణ్ని చంపుకున్నాడు.

పిట్టగోడ మీద ఆ హెల్మెట్ అలాగే ఉంది. చేతిలోకి తీసుకుంటే గోటికి తగిలి రంగు పెచ్చులూడింది.

పసుపు కింద తెలుపు. మేస్త్రీలు పెట్టుకునే తెలుపు.

తిరగేశాడు. లోపల పెన్నుతో రాసిన అక్షరాలు చెమటకి సగం మాసిపోయి ఉన్నాయి.

"డోమెంగ్, నా కొడుకు. పది అడుగులే కదా, కానియ్ అన్నది నేనే."