హిస్టరీ అడిగిన నర్సమ్మ

బావమరిదీ,

ఇరవై ఏళ్ల కిందట భోజనాల దగ్గర, నలుగురిలో నన్ను చరిత్ర తెలియని మొద్దు అన్నావు. చరిత్ర పంతులువి కదా అని ఊరుకున్నాను. మరిచిపోలేదు.

నిన్న ఆసుపత్రిలో నర్సమ్మ "మీ హిస్టరీ చెప్పండి తాతా" అంది.

"అది చెప్పేది మా బావమరిది. నేను వడ్రంగిని" అన్నాను.

నవ్వింది. "హిస్టరీ అన్న మాటకు మొదట్లో అర్థం అడిగి తెలుసుకోవడమేనట. నేను అడుగుతాను, మీరు చెప్పండి."

మీ అక్క పోయాక నన్నెవరూ ఏమీ అడగలేదు. గంటసేపు చెప్పాను. ఆ పిల్ల రాయడం ఎప్పుడో ఆపేసింది, అయినా వింది.

చివర్లో "మీకెవరున్నారు?" అంది. ఎంత ఆలోచించినా నీ పేరే తట్టింది. ఫారంలో ఆ గడిలో అదే రాయించాను.

వచ్చే శుక్రవారం గుండె ఆపరేషన్. వస్తావో రావో బుధవారంలోగా తెలియజెయ్యి. రానంటే నీ పేరు కొట్టేసి ఆ గడి ఖాళీగా ఉంచమని చెప్పాలి.