ఊగుతూ వినే రోబో

ఇంటింటికీ ఫ్రిజ్జుతోపాటు థెరపీ రోబో కూడా వచ్చేసిన రోజులవి. మాట్లాడేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగడం వకుళ అలవాటు. "కదలకుండా కూర్చుని నా కళ్లలోకి చూడమ్మా" అన్న రోబోలన్నిటినీ ఆమె తిప్పి పంపేసింది.

చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. నడుం దగ్గర బోల్టు వదులై, అదీ ఊగుతూనే వినేది. దాని ముందు వకుళ గలగలా మాట్లాడేసింది.

"నిన్ను కుదురుగా కూర్చోబెడుతుందని తెస్తే ఇదీ ఊగుతుందేమిటే!" అంటూ తల్లి మెకానిక్‌ను పిలిపించింది.

అతను స్పానర్ తీయగానే రోబో వెనక్కి జరిగింది. "నన్ను బాగుచేయక్కర్లేదు బాబూ, నా తీరే అంత!"

"ఈ మాటలు దీనికెవరు నేర్పారే?" తల్లి కళ్లెర్రజేసింది.

ఇద్దరూ ఏమీ ఎరగనట్టు, ఒకే ఊపులో ఊగుతూ ఫ్యానుకేసి చూశారు.