డ్రైవా, రైడా?

“ఐ డ్రైవ్ ద హార్స్,” అంది మదాం అపానా.

గుర్రాన్ని డ్రైవ్ చెయ్యరనీ, రైడ్ చేస్తారనీ సుగుణ ఇంగ్లిషులో దిద్దింది. ఆ వెంటనే పుస్తకంలోకి తల దించి తెలుగులో గొణిగింది.

“ఈ మట్టిబుర్రకి ఎప్పటికి ఎక్కుతుందో, ఏమిటో!”

మదాం ఫక్కున నవ్వింది. బోర్డు మీద తను గీసిన గుర్రాన్ని చూసి నవ్విందనుకుంది సుగుణ. నిజానికి అది గాడిదలాగే ఉంది.

క్రాన్‌బర్న్ లైబ్రరీలో ప్రతి మంగళవారం ఈ దేశానికి వలస వచ్చినవాళ్లకి సుగుణ ఉచితంగా ఇంగ్లిషు చెబుతుంది. మొదట్లో తొమ్మిది మంది వచ్చేవారు. ఉద్యోగాలు దొరికి ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది ఈ మారిషస్ ఆవిడ ఒక్కతే. మాట్లాడేది ఫ్రెంచి. రిజిస్టర్లో ఉన్న ఆవిడ ఇంటిపేరుని సుగుణ కాస్త ముక్కుతో, ఫ్రెంచి వాళ్లలా ‘అపానా’ అని పలికేది. వృద్ధాశ్రమం మినీబస్సు నడిపే ఉద్యోగానికి మదాం ఇంటర్వ్యూకి వెళ్లాలి. చేతికి స్టీరింగ్ వచ్చు గాని నోటికి ఇంగ్లిషు రాదు. ఫ్రెంచిలో కారు నడపడానికీ మోటారుసైకిలు నడపడానికీ ఒకటే మాటట.

మనకి మాత్రం? కారు నడుపుతాం, విమానం నడుపుతాం, సంసారమూ నడుపుతాం. అన్నిటికీ ఒకటే మాట.

సుగుణకి నడపడానికి ఏదీ మిగల్లేదు. భర్త రామ్మోహన్ పోయి మూడేళ్లయింది. ఆయన కారు గ్యారేజీలో దుమ్ము పట్టింది. ఆమెకి డ్రైవింగ్ రాదు. ఇంట్లో తెలుగు మాట వినిపించక పిచ్చెక్కినట్టుండేది. అందుకే క్లాసులో గొణుక్కోవడం అలవాటైంది. ఎవరికీ అర్థం కాదు కదా, ఎవరి సొమ్మేం పోయింది?

“పొద్దున్నుంచి టీ చుక్క పడలేదు,” అని గొణిగిన రోజున మదాం తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. ఆవిడ మర్యాదకి సుగుణ ముచ్చటపడింది.

పడవలకి వాడే ‘సెయిల్’ చెప్పిన రోజున, “సముద్రం చూసి మూడేళ్లు దాటింది, తీసుకెళ్లే దిక్కేదీ?” అని నిట్టూర్చింది.

ఒక మంగళవారం మదాం ఒక్క తప్పూ లేకుండా చెప్పేసింది. కారుకి డ్రైవ్, గుర్రానికి రైడ్, విమానానికి ఫ్లై. ఎవరైనా నడిపే కార్లో ఊరికే కూర్చుంటే అదీ రైడే. సుగుణ చప్పట్లు కొట్టింది. తర్వాత బోర్డు తుడుస్తూ అటు తిరిగి అంది.

“నువ్వు కూడా పాసైపోతే నాకు మంగళవారాలుండవమ్మా. ఇంకెవరితో మాట్లాడను?”

తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

పై వారం మదాంకి మళ్లీ అన్నీ తారుమారు. విమానాన్ని రైడ్ చేసింది, గుర్రాన్ని ఫ్లై చేసింది. సుగుణకి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గేసింది కూడా. వారాలు అలాగే గడిచాయి.

చివరికో మంగళవారం మదాం కుర్చీ ఖాళీగా ఉంది. లైబ్రరీ కుర్రాడు జయంత్ వచ్చి ఇంగ్లిషులో చెప్పాడు.

“ఆంటీ, ఆవిడకి జాబ్ వచ్చిందట. ఇక స్టూడెంట్స్ ఎవరూ లేరు కదా, క్లాస్ క్లోజ్ చేసేస్తున్నాం. సారీ ఆంటీ.”

సుగుణ బస్‌స్టాపుకి వచ్చి కూర్చుంది. బస్సు రావడానికి ఇంకా నలభై నిమిషాలు. వెళ్లి మాత్రం చేసేదేముంది?

ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. లోపల మదాం.

“కంగ్రాచ్యులేషన్స్,” అని సుగుణ నవ్వబోయింది. నవ్వు రాలేదు. మొహం తిప్పుకుని తెలుగులో అనేసింది. “సంతోషమే తల్లీ. నేనే మళ్లీ ఒంటిదాన్నయ్యాను.”

మదాం చెయ్యి చాచి ఎడమవైపు తలుపు తెరిచింది.

“ఐ డ్రైవ్. యు రైడ్,” అంది, ఒక్క తప్పు లేకుండా.

సుగుణ కదల్లేదు.

“ఎక్కి కూకో సుగుణమ్మా, సముద్రం కాడికి నాను నడుపుతాను, మట్టిబుర్రే గానీ, ఓడెక్కి మారిషస్ ఎల్లిపోయిన అప్పన్నోరి మనవరాలు తెలుగు మరిసిపోనేదు.”