సాయంత్రం పూట బ్రేస్

ఆమె భయమల్లా ఒక్కటే, కూతురి వెన్ను చీల్చి లోపల కడ్డీలు బిగిస్తారని.

అందుకే వెన్ను వంకర తీర్చే బ్రేసులు చేసే ఆయన కంప్యూటర్ తెర తమ వైపు తిప్పగానే ఊపిరి బిగబట్టింది.

"స్నానానికి తప్ప ఇది తియ్యకూడదని చెప్పానమ్మా," అన్నాడాయన, చంకల కింది నుంచి తుంటి దాకా వచ్చే ఆ ప్లాస్టిక్ చట్రాన్ని బల్ల మీద పెడుతూ. "లోపల గింజంత చిప్ ఉంది. ఒంటి వేడి ఎప్పుడెప్పుడు తగిలిందో గుర్తు పెట్టుకుంటుంది. చూడండి, పగలు ఖాళీ. రాత్రిళ్ళు అలా వేసి ఇలా తీసినట్టుంది. వేసుకుంటున్నది సాయంత్రాలే. ఆదివారాలు అదీ లేదు."

"మిషన్ తప్పేమో సార్! రాత్రి నా చేత్తోనే పట్టీలు బిగిస్తాను."

"మీరు నిద్రపోయాక విప్పేస్తోందేమో."

పిల్ల తల దించుకుంది.

"బడిలో ఏం చేస్తున్నావే?"

"బల్ల కింద పెట్టేస్తా. అందరూ తాబేలు అంటున్నారు."

"అంటే అననీ! తాబేలుకి ఆపరేషన్ చెయ్యరు. నీకు చేస్తారు!" అరిచేశాక ఆమెకే ఏడుపొచ్చింది.

ఆయన గొంతు తగ్గించాడు. "వంపు ఇంకాస్త పెరిగిందమ్మా. ఇలాగే ఉంటే సర్జన్ దగ్గరికి పంపక తప్పదు. ఇంతకీ సాయంత్రాలు ఎక్కడుంటుంది?"

"పక్కింటి అక్క దగ్గర సార్. నేను బట్టల ఫ్యాక్టరీలో కుడతాను. వచ్చేసరికి పొద్దుపోతుంది. చిన్నాడికింకా బడి ఈడు రాలేదు, వాడు పొద్దున్నించీ ఆవిడ దగ్గరే. బంగారంలాంటి మనిషి. ఇంట్లో నా మాటంటే లెక్కే లేదు గానీ, అక్కడ ఇద్దరూ కిక్కురుమనరు."

"అయితే ఆవిడే వేయిస్తోందన్నమాట."

"చూశావుటే? పరాయి మనిషికున్నపాటి శ్రద్ధ..."

"పెద్దమ్మ వెయ్యదు," అంది పిల్ల. "వాళ్ళ గుమ్మం దగ్గర నేనే వేసుకుంటా. గట్టిగా."

"అక్కడైతే బుద్ధిగా వేసుకుంటావు, ఇంట్లో మాత్రం బరువా? ఉండు, రేపట్నుంచి రాత్రిళ్ళు కూడా అక్కడే పడుకోబెడతాను."

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన బ్రేస్ వెనక్కి తిప్పి వేలితో తడిమాడు. వీపు మీదకొచ్చే చోట పొడుగ్గా నొక్కులు. ఒక పక్క బీట.

"ఇంత గట్టి ప్లాస్టిక్ ఎలా పగిలింది తల్లీ? ఎక్కడైనా పడ్డావా?"

పిల్ల అడ్డంగా తలూపింది.

"నోరు విప్పవేం, అడుగుతున్నారుగా!"

పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"బడి నుంచి నన్ను తీసుకొచ్చేటప్పుడు తమ్ముణ్ణి ఎక్కడ వదిలావమ్మా?"

"ఇంకెక్కడ? పెద్దమ్మ దగ్గరే. ఏం?"

"వెంటనే వెళ్ళి వాణ్ణి చూడమ్మా, వాడికి బ్రేస్ లేదు."