కోతల మేస్త్రికి కాపలా

శవపేటిక మూత మీద గుడ్డ ఆడిస్తున్న పాలిష్ మేస్త్రి చెయ్యి మధ్యలో ఆగిపోయింది. గిన్నెలో లక్క కలిపిన స్పిరిట్ వాసన, రోజూ పీల్చేదే అయినా, ఇవాళ ఎన్నో ఏళ్ల తర్వాత పాత స్నేహితుడిలా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. పేటిక కోతల మేస్త్రిది. రేపు పొద్దున సమాధి. ఇవాళ సాయంత్రం మాత్రం పాలిష్ మేస్త్రి ఇంటికి ఒంటరిగా నడవాలి. దారిలో మందు కొట్టు ఉంది.

కోతల మేస్త్రి పాలిష్ మేస్త్రి పనిచేసే చెక్క కార్ఖానాలోనే వడ్రంగి. రంపంతో ఎంత కోసేవాడో నోటితో అంతకు రెట్టింపు కోసేవాడు. ఒకసారి తప్పతాగి ఇంటికి కొత్త తలుపు బిగించి పడుకున్నాడట. తెల్లారి చూస్తే తలుపు ఒక్కటే ఉంది, ఇల్లు లేదట. అయినా మర్యాద తప్పకుండా తలుపు తట్టే లోపలికి వెళ్లాడట. వినేవాళ్లు ఉలీ బాడిసె పక్కన పడేసి కడుపు పట్టుకునేవాళ్లు.

పాలిష్ మేస్త్రి తాగుడు కథల్లోది కాదు. తెలియక చేసిన తప్పూ కాదు. ఆదివారం ప్రార్థనకి ముందు బెంచీ ఆయనదే, పాటల్లో పెద్ద గొంతూ ఆయనదే. సాయంత్రం కొట్టు మెట్టు ఎక్కేముందు కళ్లు మూసుకుని, ఇప్పుడు చెయ్యబోయేదానికి క్షమించు ప్రభువా అని ముందే అడిగేసుకునేవాడు. దేవుడితో అలా సర్దుకున్నా, ఇంట్లో భార్య కళ్లతో సర్దుబాటు కుదిరేది కాదు. ఒకనాడు ఆ ప్రార్థన మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. తను చేస్తున్నది క్షమాపణ అడగడం కాదు, దేవుణ్ణి మోసం చెయ్యడమని తెలిసి, మెట్టు ముందే నిలబడిపోయాడు. నిలబడ్డాడే గాని వెనక్కి తిరగలేకపోయాడు.

మర్నాడు కోతల మేస్త్రి ఆయన్ని కలప దుంగల చాటుకి పిలిచాడు. ఎప్పుడూ లేనిది, మొహంలో నవ్వు లేదు.

"బావా, ఆ కొట్టు దాటడం నావల్ల కావడం లేదు. నువ్వు నన్ను దాటించాలి."

"నన్ను చూసే అడుగుతున్నావా?"

"నిన్ను చూసే. దాని రుచి తెలిసినవాడికే నా బాధ తెలుస్తుంది. పాస్టరుగారు వాక్యం చెప్తారు గాని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లరుగా. మా ఆవిడకి మాత్రం తెలియనీకు."

నీ దగ్గర ఎప్పుడూ వాసనే రాలేదేమని పాలిష్ మేస్త్రి అనుమానంగా అడిగితే, లవంగాలు నమిలితే దేవదూత కూడా కనిపెట్టలేడన్నాడు.

ఆ సాయంత్రం నుంచి పాలిష్ మేస్త్రికి కొత్త ఉద్యోగం పడింది. కొట్టు దగ్గరపడేసరికి కోతల మేస్త్రి కాళ్లు తడబడేవి. నాలిక తడుపుకుని వచ్చేస్తానని గుంజుకునేవాడు. పాలిష్ మేస్త్రి తన గొంతు పిడచకట్టుకు పోతున్నా, పళ్లు బిగబట్టి అతన్ని లాక్కుపోయేవాడు. ఇంకొకణ్ణి లాగే చేతికి గ్లాసు పట్టుకునే తీరికెక్కడిది? పాలిష్ మేస్త్రి గుమ్మంలో ఇద్దరూ కూర్చుని ప్రార్థన చేసుకుంటే గాని కోతల మేస్త్రి మనసు కుదుటపడేది కాదు. తిరిగి అదే దారిన ఒక్కడివే ఎలా వెళ్తావయ్యా అంటే, నీ ప్రార్థన వేడి మా ఇంటిదాకా చల్లారదులే అనేవాడు.

ఆ వేడి చల్లారకూడదని పాలిష్ మేస్త్రి తెల్లవారుజామున లేవడం మొదలుపెట్టాడు. కోతల మేస్త్రికి చెప్పడానికి వాక్యం చదివాడు. అతని కోసం ఏడ్చాడు. ఏడవగా ఏడవగా తన పాపాన్ని కూడా పేరు పెట్టి పిలవడం వచ్చింది. క్షమాపణ ముందుగా అడిగే నోరు, బలం ముందుగా అడగడం నేర్చుకుంది. ఒక పొద్దున వంటింట్లోంచి భార్య పాట వినబడితే, ఆవిడకి పాడటం వచ్చన్న సంగతే తను మరిచిపోయానని ఆయనకి గుర్తొచ్చింది.

ఒకసారి కోతల మేస్త్రి జ్వరంతో పనికి రాలేదు. ఈ పూటకి కాపలా పని తప్పిందనుకుంటూ పాలిష్ మేస్త్రి బయటికొస్తే, దుప్పటి కప్పుకుని గేటు దగ్గర వణుకుతూ నిలబడి ఉన్నాడు. "ఇవాళ మరీ లాగుతోంది బావా" అన్నాడు.

"అన్నయ్యా."

పాలిష్ మేస్త్రి పేటిక మీంచి తలెత్తాడు. కార్ఖానా గుమ్మంలో కోతల మేస్త్రి భార్య. రేపు సమాధి దగ్గర అన్నయ్యగారు పోయినవాడి గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్తే బాగుంటుందని పాస్టరుగారు కబురు పెట్టారట. ఆయన గుడ్డ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాడు. చెప్పాలంటే తన దగ్గర ఒక్కటే సాక్ష్యం ఉందనీ, అది ఆవిడకి తెలియకూడదని పోయినవాడు తన దగ్గర మాట తీసుకున్నాడనీ, ఆవిడ సరేనంటేనే నోరు విప్పుతాననీ అన్నాడు. ఆవిడ తలూపాక అంతా చెప్పాడు. కొట్టు, లవంగాలు, దుప్పటి, ఏదీ దాచలేదు.

"నా బతుకులో చేసిన మంచి పని అదొక్కటే చెల్లెమ్మా. వాణ్ణి ఒడ్డున పడేశాను. ఇప్పుడు వాడు లేడు. ఇవాళ ఎవరి చెయ్యి పట్టుకుని ఆ కొట్టు దాటాలో తెలియడం లేదు."

ఆవిడ పేటిక అంచు మీద చెయ్యి వేసి లేచి నిలబడింది.

"నేనొస్తాను పదండి. పోయేముందు ఆయన నాకు అప్పజెప్పిన పని అదే."

పాలిష్ మేస్త్రి నివ్వెరపోయాడు. "అయితే వాడు తాగేవాడని నీకు ముందే తెలుసా అమ్మా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కన్నీళ్ల మధ్యలోనే పెదవి చివర నవ్వు మెరిసింది.

"ఆయన జన్మలో చుక్క ముట్టలేదన్నయ్యా."