అరువిచ్చిన పట్టీ

ఫైనల్ రేపనగా దినేయో పట్టీ తెగింది.

బ్లూమ్‌ఫాంటేన్ ఊరి రైఫిల్ పోటీల మైదానంలో ఆ రోజుకు ఆఖరి గుండు పేల్చి లేవబోతుంటే, చేతికి బిగించిన తోలు పట్టీ కుట్టు దగ్గర పుటుక్కుమంది. బోర్లా పడుకుని రైఫిల్ కాల్చేవాళ్లకు ఆ పట్టీయే ప్రాణం. ఒక కొస దండచేతికి, ఇంకో కొస రైఫిల్‌కు. బరువంతా అదే మోస్తుంది. దాని బిగువు సడలిందా, గురి తప్పినట్టే.

దినేయో పరుగున వెళ్లి, మైదానం పక్కనున్న దుకాణంలో కొత్త పట్టీ ఒకటి చేతిలోకి తీసుకుంది. నైలాన్‌ది. ఎండకూ చెమటకూ సాగనిది.

"కొత్తది వద్దమ్మా," అన్నాడు వెనకనుంచి వెస్సెల్.

వెస్సెల్ అరవై దాటిన రైతు. ఆ క్లబ్బుకు పెద్దదిక్కు. సోతో తెగవాళ్ల పేటనుంచి, ఎవరి తోడూ లేకుండా వచ్చిన దినేయోకు రైఫిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"కొత్తదానికి చెయ్యి అలవాటు పడాలంటే నెల పడుతుంది. నా పట్టీ ఉందిగా, ఏళ్ల తరబడి వాడిన తోలు. రేపు పొద్దున శుభ్రం చేసి తెచ్చిస్తా."

"మరి మీకో, బాబాయ్?"

"నేను ఫైనల్‌కు వస్తేగా! నా కళ్లు ఎప్పుడో పింఛను పుచ్చుకున్నాయి."

దినేయో నవ్వి, కొత్త పట్టీని మళ్లీ కొక్కేనికి తగిలించింది.

పక్కనే మాంసం ఒరుగు నములుతున్న ఫాన్ ఊరుకోలేకపోయాడు. ఆయనా వెస్సెల్ ఈడువాడే, క్లబ్బులో పాత నేస్తం.

"మతిగానీ పోయిందా నీకు? రేపు ఈ పిల్లతో పోటీ పడేది ఎవడనుకున్నావ్? నీ కొడుకే!"

ఆ మాట నిజం. దేశం జట్టులో మిగిలింది ఒక్క చోటు. అది దినేయోదో, వెస్సెల్ కొడుకు రువాన్‌దో రేపు తేలిపోతుంది. రువాన్ ఇంతకు ముందు రెండుసార్లు వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నాడు. ఈసారి కూడా పోతే రైఫిల్ అటకెక్కిస్తానని తల్లితో అన్నాడు.

సంగతి తెలిసి, ఆ సాయంత్రం రువాన్ కంచంలో మాంసం ముట్టలేదు.

"ఊరందరికీ తండ్రివే నాన్నా. నా ఒక్కడికే కాదు," అన్నాడు.

వెస్సెల్ ముఖం తిప్పుకున్నాడు. లేచి, పట్టీ శుభ్రం చెయ్యాలంటూ కొట్టంలోకి వెళ్లిపోయాడు.

తెల్లారి ఆయన పట్టీ అందిస్తుంటే దినేయో రెండు చేతులా కళ్లకద్దుకున్నంత పని చేసింది.

"రాత్రి నిద్రపోయినట్టు లేరేంటి బాబాయ్?"

"చలమ్మా, చలి."

పోటీ మొదలైంది. దూరంగా ఎండలో గురిబల్లలు నీళ్లలో తేలుతున్నట్టు కదులుతున్నాయి. వెస్సెల్ వెనకాల మడతకుర్చీలో కూర్చుని దుర్భిణిలో కన్ను పెట్టాడు. పక్కన ఆయన భార్య హెస్టర్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతోంది.

"ఇంతకీ ఎవరు గెలవాలని చూస్తున్నావయ్యా?"

ఆయన దుర్భిణి వదల్లేదు. కాఫీ అందుకోలేదు.

రువాన్ గుండ్లు నడిమధ్యన పడుతున్నాయి. దినేయోవి కిందికి దిగుతున్నాయి. ఒకటి కింద. తర్వాతది ఇంకా కింద.

"అయ్యో పాపం, ఈ పిల్లకేమైంది?" అంది హెస్టర్.

దినేయో ఆగింది. మోచేతి మీద లేచి, పట్టీని ఒక కన్నం పైకి లాగి బిగించింది. మరుసటి గుండు మధ్యలో పడింది. కాసేపటికి మళ్లీ కిందికి జారింది. మళ్లీ ఇంకో కన్నం. గుండు గుండుకూ పట్టీ తడిమి చూసుకుంటూ, తొందర లేకుండా, మొండిగా కాల్చుకుంటూ పోయింది.

వెస్సెల్ దుర్భిణి మీంచి కన్ను తీసేశాడు. ఆపైన చూడలేదు.

చివరి గుండుతో దినేయో గెలిచింది. ఈసారీ వెంట్రుకవాసే.

ఫాన్ వచ్చి వీపు మీద చరిచాడు. "నీ చేత్తో ఇచ్చిన పట్టీ నీ కొడుకు మెడకే చుట్టుకుంది కదయ్యా! అయినా నీలాంటివాణ్ణి నేను చూళ్లేదు. టోపీ తీస్తున్నా."

నిజంగానే టోపీ తీశాడు.

వెనకే రువాన్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చి తండ్రిని గట్టిగా వాటేసుకున్నాడు.

"నిన్న నోరు జారాను. తప్పయిపోయింది నాన్నా. ఓడినందుకు బాధగానే ఉందిగానీ, నీ కడుపున పుట్టినందుకు గర్వంగా ఉంది."

వెస్సెల్ ఆ కౌగిట్లో కొయ్యలా నిలబడిపోయాడు.

గెలిచినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద మోయడం అక్కడి ఆచారం. దినేయో కుర్చీ దిగి వచ్చింది. వెస్సెల్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, వద్దు వద్దంటున్నా వినకుండా ఆయన్నే అందులో కూర్చోబెట్టింది.

"ఇది బాబాయ్ గెలుపు," అంది అందరికీ వినబడేలా. "సొంత కొడుకు పోటీలో ఉండగా, నాకోసం పట్టీకి నూనె పట్టించి, వెన్నలా చేసి తెచ్చారు. కాస్త సాగింది. సాగితే కన్నం మార్చుకో, రైఫిల్‌ను తిట్టకు అని నాకు నేర్పిందీ ఈయనే."

మైదానమంతా చప్పట్లు. కుర్చీ గాల్లోకి లేచింది. "తలెత్తవయ్యా, ఫొటో తీస్తున్నారు!" అని కిందనుంచి ఎవరో అరిచారు.

తోలు సాగిపోయి ఆమె గురి చెడాలనే ముందురోజు రాత్రంతా ఆ పట్టీని నూనెలో నానబెట్టిన మనిషి, తల ఎత్తలేకపోయాడు.