బొమ్మ ఎత్తు

"ఇదీ బరువే," అంటూ వర్లీన్ రెండో పిస్టల్ కూడా బల్ల మీద పెట్టేసింది. నర్సింగ్ హోమ్‌లో పొద్దున్నించీ ముసలివాళ్ళను ఎత్తి దించిన చేతులవి.

"బరువుంటేనే వెనక్కి తన్నదక్కా," అన్నాడు కొట్టు యజమాని హార్లన్. "ఇంతకీ ఆటకా, కాపలాకా?"

"రెండింటికీ. రెండు కొనే మొహమా నాది?"

హార్లన్ నవ్వి, వెనకున్న షూటింగ్ గదిలోకి తీసుకెళ్ళాడు. ఆటకైతే గుండ్రటి గీతల కాగితం, కాపలాకైతే మనిషి బొమ్మ. అతను మనిషి బొమ్మ తగిలించాడు.

"రొమ్ముకి గురిపెట్టు. నాలుగు కాలిస్తే చేతికి ఏది నప్పుతుందో నీకే తెలుస్తుంది."

ఆమె పిస్టల్ ఎత్తి, మళ్ళీ దించింది. "బొమ్మని కాస్త కిందికి జరుపు. వాడు అంత పొడుగు కాదు."

హార్లన్ చెయ్యి ఆగిపోయింది. మత్తు మాత్రలకు బానిసైన ఆమె కొడుకు కోడీ పోయిన వారం కత్తి పట్టుకుని ఇంట్లో దూరిన సంగతి ఊరంతటికీ తెలుసు.

"కోడీనా అక్కా?"

తన మాట తనకే అప్పుడు వినబడినట్టు ఆమె పిస్టల్ పక్కన పెట్టేసింది.

"ఏదీ వద్దులే. తలుపుకి తాళం మార్చేవాడెవడైనా ఉన్నాడా?"

ఆ ఊళ్ళో తుపాకుల కొట్లు మూడున్నాయి. తాళం మార్చేవాడు ఒక్కడూ లేడు.

"నేనే వచ్చి బిగిస్తా," అన్నాడు హార్లన్.

"వాడి దగ్గరున్న తాళంచెవి ఇంక పట్టకూడదు."